ఇంకొక్క పట్టు

గుండుగొలనులో హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. పైన బోర్డు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పాత కారు ఉన్న ప్రతివాడికీ అది ఆనంద్ పాల్ షెడ్డని తెలుసు. కొత్త బళ్ల జోలికి ఆయన పోడు. కంపెనీవాళ్లు చేతులెత్తేసిన బళ్లు, తండ్రి పోయినా అమ్మబుద్ధి కాక దొడ్లో ఉంచుకున్న బళ్లు, పెళ్లిళ్లకూ చావులకూ తప్ప బయటికి తీయని బళ్లు, ఇవీ ఆయన చుట్టాలు.

పాత ఇంజన్లలో ముందుగా పాడయ్యేది మర. బోల్టు మీద మర పోతే బాధ లేదు, కొత్త బోల్టు కొనుక్కోవచ్చు. బోల్టు దిగే రంధ్రంలో మర పోతేనే కొంప మునిగేది. ఎంత తిప్పినా బోల్టు తిరుగుతూనే ఉంటుంది, పట్టుకోదు. అప్పుడా రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ట్యాప్ అనే ఉక్కు కడ్డీతో లోపల కొత్త మర కోసి, ఆ మరలో ఒక చిన్న ఉక్కు బుష్షు ఎక్కించి, ఆ బుష్షులో పాత బోల్టు బిగించాలి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి నడిపించాలి. వెంట్రుకవాసి ఒరిగినా పని చెడుతుంది. ఒరిగిందని కంటికి కనిపించేలోపే వేళ్లకు తెలియాలి. పాల్‌కు ఇరవయ్యో ఏట నుంచీ అలా తెలిసేది. ఆ తెలియడం ఎప్పుడో ఆగిపోయిందన్న సంగతి ఆయనకూ భార్య విక్టోరియాకూ తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.

షుగరు చేసిన పని అది. ముందు అరికాళ్లు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తర్వాత చేతులు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చిన విక్టోరియాకు షెడ్డు గుమ్మంలోనే కమురు వాసన కొట్టింది. వైరేదో కాలుతోందనుకుని చుట్టూ చూసింది. పాల్ ఒక చెయ్యి ఇంజను సైలెన్సరు మీద ఆనించి, ఎవరితోనో తీరిగ్గా కబుర్లు చెబుతున్నాడు.

"ఏవండీ, చెయ్యి తియ్యండి" అందామె, మెల్లగా, బయటివాళ్లకు వినపడకుండా.

వాళ్లు వెళ్లాక వేళ్లకు మందు రాస్తూ ఏడ్చింది. పాల్ ఏడవలేదు. "ఎవరితోనూ అనకు" అన్నాడు.

"అననండి. మీరు మాత్రం మర పనులు ఒప్పుకోనని మాటివ్వండి."

మాటిచ్చాడు. కొంతకాలం నిలబెట్టుకున్నాడు కూడా. మర పోయిందని ఎవరైనా వస్తే, "హెడ్డు విప్పి గూడెం లేతు షాపుకు పంపుదామండీ, మిషను మీద శుభ్రంగా వస్తుంది" అనేవాడు. పాల్ గారు బద్ధకిస్తున్నారని జనం నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవాడు. లోపల మాత్రం ఆ నవ్వు మేకులా దిగేది. ఒంట్లో ఏదో ఒకటి చెడడం ఎవరికైనా తప్పదు. ఇంతవరకూ ఆయన తప్పేమీ లేదని నేను ఎవరి ముందైనా అంటాను.

భీమడోలు దాటి కొల్లేటి వైపు పోతే వరిచేలు అయిపోయి చేపల చెరువులు మొదలవుతాయి. అక్కడ శ్రీహరి అనే కుర్రరైతు పెద్ద చెరువొకటి కౌలుకు తీసుకుని బొచ్చె, శీలావతి పెంచుతున్నాడు. మాట మెత్తన, గుండెలో ఎప్పుడూ దడ. చేపలు పెంచేవాడికి ఆ దడ సహజమే. ముసురు పట్టి ఎండ రాకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు నీళ్లను చిలికే ఏరియేటర్లు తిరగాలి. తిరగకపోతే ఏడాది కష్టమంతా ఒక్క పూటలో తేలిపోతుంది. ముసురు పట్టినప్పుడే మనవాళ్లు కరెంటు తీస్తారు, అదొక రివాజు. అందుకని శ్రీహరి ఒక పాత మారుతి వ్యాను ఇంజను కొని, జనరేటరుకు తగిలించి, గట్టు మీద బిగించుకున్నాడు. బిగించిపెట్టింది పాల్ గారే.

ఆ గట్టు మీద పాకలో వీరాస్వామి కాపలా ఉండేవాడు. డెబ్బై దాటినవాడు, భార్య పోయింది, ఒక్కతే కూతురు పెంటపాడులో ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు వరిచేలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు నడిపాడు. అవి పోత ఇనుము దిమ్మలు. వాటి బోల్టు బిగించడమంటే పానాకు పైపు ముక్క తొడిగి, దాని చివర ఇద్దరు వేలాడ్డమే. అంత చేసినా ఆ ఇంజనుకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఆ ఇంజన్లవాళ్లకు ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే ఇంజను దగ్గరికి రాగానే, వదులైనా కాకపోయినా, ప్రతి బోల్టుకూ ఇంకొక్క పట్టు వెయ్యాలి. అది వేస్తేగాని టీ తాగేవారు కాదు.

వీరాస్వామి ఆ ఆచారాన్ని చెరువు గట్టుకూ తెచ్చుకున్నాడు. మారుతి ఇంజను హెడ్డు అల్యూమినియం, మెత్తటి లోహం. దానికి ఇనుప ఇంజను మర్యాదలు చేస్తే ఏమవుతుంది? రోజూ పైపు వేసి, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులకు ఇంకొక్క పట్టు వెయ్యగా వెయ్యగా, వానాకాలం చివర్లో ఒక ప్లగ్గు రంధ్రంలో మరలన్నీ తెగి పొడయ్యాయి. పళ్లూడిన నోట్లో చుట్టలా ప్లగ్గు అటూ ఇటూ ఊగుతోంది.

శ్రీహరి మోటారుసైకిల్ మీద షెడ్డుకు పరిగెత్తుకొచ్చాడు.

"పాల్ గారండీ, అల్పపీడనం అంటున్నారండి. రేపోమాపో ముసురు పట్టేస్తుంది. మీరొచ్చి ఆ ప్లగ్గు సంగతి చూడాలండి."

"హెడ్డు విప్పి గూడెం పంపుదామండీ శ్రీహరి గారూ. లేతు మీద చేయిస్తే..."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"రెండు మూడు రోజులు పట్టొచ్చు."

"ఈలోగా కరెంటు పోతే నా గతేంటండీ? మీ చెయ్యి పడితే పూటలో అయిపోతుందని అందరూ అంటారు కదండీ."

మీ చెయ్యి అన్న మాట దగ్గరే పాల్ దెబ్బతిన్నాడు. చాలాకాలంగా ఆ మాట ఎవరూ అనలేదు. 'నా వేళ్లకు స్పర్శ లేదండీ' అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. శ్రీహరి ఆ మూడు రోజులకూ ఎక్కడో ఒక జనరేటరు అద్దెకు తెచ్చుకునేవాడు. పాల్ ఆ ముక్క చెప్పలేదు. గోడకున్న సంచీ తీసి భుజాన వేసుకుని, "పదండి" అన్నాడు. పొగడ్తకు లొంగని మనిషి ఉంటాడేమో, నేను మాత్రం చూడలేదు.

గట్టు మీదికి చేరగానే పాల్ చేసిన మొదటి పని వీరాస్వామిని తిట్టడం. ఇంజను పక్కనున్న పైపు ముక్కను తీసి గడ్డిలోకి విసిరేశాడు. "ఇది మీ పాత ఇనుప ఇంజను కాదండీ వీరాస్వామి గారూ. ఎన్నిసార్లు చెప్పాను? ఇవాళ్టి నుంచి దీన్ని ముట్టుకోకండి."

"ఆయ్, ముట్టుకోనండి. ఒట్టు" అన్నాడు ముసలాయన, మందలింపు తిన్న బడిపిల్లాడిలా తల దించుకుని.

శ్రీహరి ఫోను మాట్లాడుతూ గట్టు చివరికి వెళ్లాడు. వీరాస్వామి టీ పెట్టడానికి పాకలోకి వెళ్లాడు. పాల్ రంధ్రాన్ని తొలిచి పెద్దది చేశాడు. లోహపు రజను సిలిండరులో పడకుండా ట్యాప్‌కు గ్రీజు దట్టంగా పట్టించాడు. మూలమట్టం పక్కన ఆనించి ట్యాప్ నిటారుగా ఉందో లేదో అటునుంచీ ఇటునుంచీ కళ్లతో చూసుకున్నాడు. వెనకటి రోజుల్లో మూలమట్టం తీసేవాడే కాదు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ట్యాప్ కోస్తోందో గీరుతోందో వేళ్లు చెప్పడం లేదు. రజను రంగు చూసి, తెగిన ముక్కల పొడవు చూసి ఊహించుకుంటూ పోయాడు. బుష్షు ఎక్కింది. ప్లగ్గు దిగింది. ఇంజను స్టార్టు చేసి ప్లగ్గు మొదట్లో సబ్బునీళ్లు పోశాడు. నురగలో సన్నటి బుడగలు లేచాయి. ఎక్కడో గాలి తప్పించుకుంటోంది.

ఇంజను ఆపి, పానా వేసి కాస్త బిగించాడు. మళ్లీ స్టార్టు చేస్తే మళ్లీ బుడగలు. ఇంకాస్త బిగించాడు. అది బిగిసిందో లేదో చెయ్యి చెప్పడం లేదు. పానా ఆయన పిడికిట్లో ఉంది, అంతవరకే తెలుస్తోంది. చేతిలో బలం ఉందో చచ్చిందో కూడా అనుమానమొచ్చింది. చుట్టూ చూశాడు. గడ్డిలోంచి ఆ పైపు ముక్క తీసి పానాకు తొడిగి, ఇంకొక్క పట్టు వేశాడు.

పైపు తిరగాల్సిన దానికంటే సులువుగా తిరిగింది, లోపల మర తెగితేనే అలా తిరుగుతుంది. అది ఆయన కళ్లతో చూశాడు. సబ్బునీళ్లు పోస్తే బుడగలు లేవు. 'కూర్చుంది' అనుకున్నాడు. అనుకోవాలని అనుకున్నాడు. పైపును మళ్లీ గడ్డిలోకి విసిరి, చేతులు తుడుచుకునేసరికి వీరాస్వామి టీ తెచ్చాడు. ఇంజను చక్కగా ఆడుతుంటే శ్రీహరి ముఖం వెలిగింది. "మీ చెయ్యి చెయ్యేనండీ" అన్నాడు. పాల్ టీ తాగాడు.

ఆ రోజు నుంచి వీరాస్వామి ఇంజను పక్కనుంచి వెళ్లాల్సొస్తే రెండు చేతులూ వెనక కట్టుకుని నడిచేవాడట. శ్రీహరి చూసి నవ్వేవాడు. ఒట్టంటే ఆ ముసలాయనకు అంత పట్టింపు.

ముసురు అనుకున్నట్టే పట్టింది. సూర్యుడు మొహం చూపించలేదు, కరెంటు పోయింది, ఇంజను ఆగకుండా నడిచింది. తెల్లవారుజామున తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ప్లగ్గు బుష్షుతో సహా ఊడి పాక తాటాకుల్ని చీల్చుకుని పోయింది. ఇంజను ఆగిపోయింది. ఏరియేటర్లూ ఆగిపోయాయి. శ్రీహరి వేరే జనరేటరు కోసం భీమడోలు వైపు బయల్దేరాడు. వీరాస్వామి మొలలోతు నీళ్లలోకి దిగి, నీళ్లలో గాలి కలపాలని వెదురుగడతో బాదాడు. గడ విరిగితే చేతులతో బాదాడు. అంత పెద్ద చెరువులో రెండు చేతులు ఏపాటి?

పాల్ వచ్చేసరికి పొద్దెక్కింది. వాన ఆగింది. చెరువు నిండా తెల్లటి పొట్టలు. బొచ్చెలు ముందు పోయాయి, పెద్ద తలలు గట్టుకు కొట్టుకుంటున్నాయి. శీలావతులు ఇంకా అక్కడక్కడా నోళ్లు తెరుస్తున్నాయి. చేపలు కొనడానికొచ్చిన బేరగాడు లారీలోంచి దిగకుండానే వెనక్కి తిప్పుకుని పోయాడు. వీరాస్వామి గట్టు మీద తడిబట్టలతో వణుకుతూ కూర్చున్నాడు, అరచేతులు ఎర్రగా ఉబ్బిపోయాయి.

శ్రీహరి ఏడవడం కూడా అయిపోయింది.

"తాతా, నిజం చెప్పు. మళ్లీ పైపు వేశావా?"

"లేదు బాబూ. ముట్టుకోలేదు. ఒట్టేశాను కదా."

శ్రీహరి గడ్డిలో వెతికాడు. పైపు ముక్క దొరికింది. దాని ఒంటినిండా గ్రీజు అంటుకుని ఉంది, వేళ్ల ముద్రలతో సహా. "మరి ఇదేంటి?" అని ముసలాయన ముందు పెట్టాడు.

వీరాస్వామి దాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో ధైర్యం జారిపోతుండడం పాల్‌కు కనిపిస్తూనే ఉంది. "వెయ్యలేదనే అనుకుంటున్నాను బాబూ" అన్నాడు చివరికి. "ఏమో. నిద్రమత్తులో వేశానేమో. చేతికి అలవాటు కదా. దానికి నా ఒట్టేం తెలుసు?"

పాల్ ఇక ఊరుకోలేకపోయాడు. "ఆ పైపు వేసింది నేనండీ శ్రీహరి గారూ."

శ్రీహరి తలెత్తి చూశాడు. "మీరా? పైపు వెయ్యొద్దని తాతను తిట్టింది మీరే కదండీ."

"తిట్టాను. తర్వాత నేనే..."

"వద్దండీ పాల్ గారూ" అని వీరాస్వామి అడ్డొచ్చాడు, రెండు చేతులూ జోడించి. "నా వయసు చూసి మీరు నింద నెత్తినేసుకోకండి. మీరు దేవుడిలాంటివారు. నేనే వేసుంటాను. బాబూ, నేనే వేశాను."

"మీ మంచితనం నాకు తెలుసండీ" అన్నాడు శ్రీహరి, పాల్ వైపు చూడకుండా. "ఇందులోకి మీరు రాకండి."

ఇంకొక్క మాట ఉంది. వేళ్ల సంగతి. అది నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే శ్రీహరి నమ్మక తప్పదు. దాంతోపాటు షెడ్డూ పేరూ అన్నీ ఆ చెరువులోనే తేలిపోతాయి. పాల్ నోరు తెరిచి, మూసుకున్నాడు. మూసుకోగానే ఆయనకు హాయిగా అనిపించింది. ఆ హాయిని ఆయన తర్వాత తనకు తానే క్షమించుకోలేకపోయాడు.

శ్రీహరి చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, బూతు మాట అనలేదు. "కూతురి దగ్గరికి వెళ్లిపో తాతా. నిన్ను చూస్తుంటే నాకు చేపలే కనిపిస్తున్నాయి" అన్నాడు. వీరాస్వామి రెండు పంచెలూ ఒక గిన్నే మూట కట్టుకుని, వెళ్తూ వెళ్తూ పాల్‌కు దణ్ణం పెట్టాడు.

ఆ తర్వాత ఆ చెరువుల మీద వీరాస్వామిని కాపలాకు పెట్టుకున్నవాడు లేడు. శ్రీహరి కౌలు వదిలేసి వేరేవాళ్ల చెరువు దగ్గర పనికి కుదిరాడు. పాల్ పేరు మాత్రం పెరిగింది. కాపలావాడి తప్పు తన మీద వేసుకోబోయిన మనిషని ఊరూరా చెప్పుకున్నారు. కొన్నాళ్లకు ఒక ఆదివారం చర్చిలో పాస్టరు గారు పేరెత్తకుండా ఈ సంగతే ప్రసంగంలో చెప్పారు. అందరూ వెనక్కి తిరిగి పాల్‌ను చూశారు. ఆయన తల వంచుకున్నాడు. అది వినయమని మెచ్చుకున్నారు.

విక్టోరియా మెచ్చుకోలేదు. ఇంటికొచ్చి చీర మడతపెట్టుకుంటూ అడిగింది.

"పైపు ఎవరు వేశారండీ?"

"నేనే."

"ఆ పెద్దాయనకు తెలుసా?"

"చెప్పాను. నమ్మలేదు."

ఆమె వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించి, అక్కణ్నుంచే, "పెంటపాడుకు పొద్దున్నే వెళ్లండి" అంది.

వెళ్లేముందు శ్రీహరికి ఫోను చేశాడు. వేళ్ల సంగతి, బుడగల సంగతి, పైపు సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. "అది ఇప్పుడు నా చెరువు కాదండీ" అని శ్రీహరి ఫోను పెట్టేశాడు.

పెంటపాడులో వీరాస్వామి కళ్లంలో ఆరబోసిన ధాన్యానికి కాపలా కూర్చుని ఉన్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు. పాల్‌ను చూసి సంతోషంగా లేవబోయి, లేవలేక కూర్చున్నాడు. పక్కనే పొలం మోటారు ఉంది. కూతురొచ్చి, "నాన్నా, ఆ స్విచ్చు వెయ్యి" అని కేకేస్తే ఆయన కదల్లేదు. "నువ్వే వెయ్యమ్మా. నా చెయ్యి మంచిది కాదు" అన్నాడు. ఆమె స్విచ్చు వేసి విసుక్కుంటూ వెళ్లింది. అల్లుడి మోటారు గాని, ఆఖరికి ఇంట్లో మిక్సీ గాని ముట్టుకోడట.

పాల్ ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. ఈసారి వేళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. అరచెయ్యి తెరిచి, కాలిన మచ్చలన్నీ చూపించాడు. కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. వీరాస్వామి ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో మచ్చా తడిమి చూశాడు. నొక్కి చూశాడు. పాల్ ముఖంలో ఏ మార్పూ రాకపోవడం చూశాడు.

"అయితే నేను వెయ్యలేదన్నమాట" అన్నాడు.

"లేదండీ."

"వెయ్యలేదు" అని మళ్లీ తనలో తను అనుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. పాల్‌కూ ఏడుపొచ్చింది. ఇంత ఆలస్యమైనా చెప్పగలిగానని కాస్త ఊరట కూడా కలిగింది.

వీరాస్వామి ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. కోపం లేదు ఆయన ముఖంలో. అర్థం కాని సంగతి అడిగి తెలుసుకునేవాడిలా, అదే మర్యాదతో అడిగాడు.

"పాల్ గారండీ, మరి ఆ రోజు నేను అడ్డొస్తే మీరు ఆగిపోయారేమండీ?"

కాకులు వచ్చి ధాన్యం మీద వాలాయి. వీరాస్వామి వాటిని అదిలించలేదు. జవాబు కోసం పాల్ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.